టైంటేబుల్ ప్రార్థన

దేవుడికి టైంటేబుల్ వేసి చేతిలో పెట్టే జనం ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నారంటే అది తమ గున్‌సాన్ రేవు ఊళ్ళోనే అయ్యుంటుందని సోక్ ఇన్‌జా అభిప్రాయం. ఆ టైంటేబుల్ గులాబిరంగు కాగితం మీద అచ్చయి, ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది. ఎనిమిదీ నలభై నుంచి పది దాకా కొరియన్ పేపరు: 'చదివింది చదివినట్టు బుర్రకెక్కేలా'. పదిన్నర నుంచి పన్నెండూ పది దాకా లెక్కలు: 'తొందరపాటు తప్పులు జరగకుండా'. ఒంటిగంటా పది నుంచి ఇంగ్లీషు: 'చెవులు తెరుచుకునేలా'. రెండూ యాభై నుంచి చరిత్రా మిగతా సబ్జెక్టులూ: 'చివరిదాకా కునుకు పట్టకుండా'. పిల్లలు పరీక్ష హాల్లో ఏ గంటకి ఏ పేపరు రాస్తుంటే, చర్చిలో తల్లులు ఆ గంటకి ఆ పేపరు కోసమే ప్రార్థించాలి. లెక్కల గంటలో దేవుడు పొరపాటున ఇంగ్లీషు దీవెన పంపించేస్తాడని వీళ్ళ భయం కాబోలు.

ఏడాదికి ఒకే ఒక్క రోజు, నవంబరులో ఒక గురువారం, యూనివర్సిటీ సీట్లు తేల్చే ఆ పరీక్ష. ఆ రోజు ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు, ఆలస్యమైన పిల్లల్ని పోలీసులు మోటారు సైకిళ్ళ మీద దింపుతారు. పన్నెండేళ్ళ చదువు ఆ ఒక్క రోజులో తేలిపోతుంది. చదువుతోపాటు పిల్లల తల్లుల పరువు కూడా తేలుతుంది గనక, చర్చిలో ఆదివారం కంటే ఆ గురువారమే ఎక్కువ నిష్ఠగా ఉంటారు.

ఇన్‌జాకి అరవై మూడేళ్ళు. ఊళ్ళోని మిషన్ బాలికల హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు బైబిలు పాఠం చెప్పి, పోయినేడాది ఫిబ్రవరిలో రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. సంఘంలో అందరూ ఆమెని టీచరనే పిలుస్తారు. ఈ పరీక్ష రోజు ప్రార్థన నడిపించడం పదేళ్ళుగా ఆమె పనే. ప్రతి ఏడాదీ ఈ కాగితం చూసి లోలోపల నవ్వుకుంటుంది, ప్రతి ఏడాదీ మైకు పట్టుకుంటుంది. ఇష్టం లేదని ఒక్కసారైనా పాస్టరుతో అన్నది లేదు.

తల్లుల్ని చూస్తే ఆమెకి ఎంత చులకనో, తాను వదిలి వచ్చిన స్కూలంటే అంతకు రెండింతలు చులకన. మిషన్ స్కూలట. గేటు మీద శిలువ, గేటు పక్కన బ్యానరు. రాజధానిలో పేరున్న యూనివర్సిటీల్లో సీట్లొచ్చిన పిల్లల పేర్లన్నీ దాని మీద రాసి, కింద 'దేవునికే మహిమ' అని వేసేవారు. సీట్లు రాని పిల్లల మహిమ ఎవరి ఖాతాలో వేయాలో ప్రిన్సిపాలు ఎన్నడూ చెప్పలేదు. బుధవారం ఉదయం ఆరాధనలో ఎనిమిది వందల మంది ఆడపిల్లలు పాటల పుస్తకాలు తెరిచి తలలు వంచుకుని ఉంటే, చూడవచ్చిన విదేశీ మిషనరీలు కళ్ళు తుడుచుకునేవారు. ఆ పుస్తకాల మధ్యలో ఇంగ్లీషు మాటల చీటీలున్నాయని ఇన్‌జాకి తెలుసు. ఆఖరి ఏడాది పిల్లలకైతే సెప్టెంబరు రాగానే బైబిలు పీరియడ్ కాస్తా లెక్కల టీచరుకి వెళ్ళిపోయేది. టైంటేబుల్లో ఉండేది, గదిలో ఉండేది కాదు. ఇన్‌జా స్టాఫ్ రూములో టీ తాగుతూ, ఈ స్కూలు పైన పటారం లోన లొటారం అని మనసులో తిట్టుకునేది. నెల తిరిగేసరికి జీతం మాత్రం వచ్చేది.

కొత్త క్లాసుకి మొదటి రోజు పాఠం ఆమెది ఎప్పుడూ ఒకటే. బోర్డు మీద 'మార్కు దేవుడు కాదు' అని పెద్దగా రాసి, దాని మీద నలభై నిమిషాలు మాట్లాడేది. పిల్లలు బుద్ధిగా నోట్సులో ఎక్కించుకుని, "ఇది పరీక్షలో వస్తుందా టీచర్?" అని అడిగేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా ఊదింది, ముప్ఫై నాలుగుసార్లు.

ఆ పాఠం ఎవరో ఒకరు విన్నారని ఇవాళ పొద్దున ఎనిమిదీ అయిదుకి ఆమెకి తెలిసింది. చర్చి మెట్లెక్కుతుంటే ఫోను మోగింది. మెసేజి తాక్ హారిన్ నుంచి.

'టీచర్, నేను పరీక్షకి వెళ్ళడం లేదు. గేటు దాకా వచ్చి తిరిగిపోతున్నాను. మామయ్య పడవల షెడ్డుకి వెళ్తున్నా. ఇంజన్ల కోర్సుకి ఈ పరీక్ష అక్కర్లేదు, సీటు ముందే ఇచ్చారు. అమ్మకి తెలియదు. సాయంత్రం ఆఖరి గంట కొట్టాక నేనే చెప్తాను. అప్పటిదాకా మీరు చెప్పకండి. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడటం లేదు. మార్కు దేవుడు కాదని మీరే కదా అన్నారు.'

ఇన్‌జా మెట్ల మీదే ఆగిపోయింది. హారిన్ అంటే మొదటి సంవత్సరంలో తన దగ్గర చదివిన పొడుగాటి పిల్ల. బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది. సంతోషం కలగాల్సిన మాటే. ముప్ఫై నాలుగేళ్ళకి ఒక్క గింజ మొలిచింది. కానీ ఇన్‌జాకి ముందు కలిగింది చికాకు. ఈ పిల్లకి ఇవాళే దొరికిందా, నేనే దొరికానా అనుకుంది. తెలిస్తే పాస్టరు ఏమంటాడు? 'మీ శిష్యురాలట కదా' అంటాడు. 'ఎక్కడున్నావు, జాగ్రత్త' అని రెండు మాటలు కొట్టి ఫోను సంచిలో పడేసింది.

లోపల వేదిక కింద బల్ల మీద పదకొండు ఫొటోలు వరసగా పెట్టారు. ఒక్కొక్క ఫొటో కింద పిల్లల పేరు, హాల్ టికెట్టు నంబరు. నూరు రోజులుగా అవి అక్కడే ఉన్నాయి, తల్లులు రోజూ తెల్లవారుజామున వచ్చి వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. పాస్టరు నమ్‌గుంగ్ హీటర్లు సర్దిస్తూ ఎదురొచ్చాడు. యాభై ఏళ్ళ చురుకైన మనిషి, నవ్వు ముఖం మీద అతికించుకునే తిరుగుతాడు.

"టీచర్, పేర్లు మాత్రం కాస్త నిదానంగా చదవండి. పోయినేడు ఒక పేరు మింగేశారు. ఆ పిల్లాడికి సీటు రాలేదు. ఆ తల్లి ఏడాది పొడుగునా నన్ను సాధించింది."

"సీటు రాకపోవడానికి అదా కారణం?"

"కాదని నేనెలా రుజువు చేయను చెప్పండి?"

ముందు వరసలో తేయుల్ వాళ్ళమ్మ అప్పటికే చేరిపోయింది. మందుల షాపావిడ. కొడుకుది ఇది మూడో దండయాత్ర. పక్కావిడతో చెబుతోంది: "మా షాపు పక్కనామె కొండమీది రాతి బుద్ధుడి దగ్గరికెళ్ళి మూడు వేల దణ్ణాలు పెట్టొచ్చిందట. మోకాళ్ళు వాచిపోయి నా దగ్గరే పట్టీలు కొంది. ఎంత మూఢత్వమో చూడు. రాయికేం తెలుస్తుంది?" అంటూనే కొడుకు ఫొటో మీద నూరో రోజు చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, హాల్ టికెట్టు నంబరు అంకె అంకెగా గొణిగింది. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఇన్‌జాకి ఆ సామెత ఈ చర్చిలో వారానికి నాలుగుసార్లు గుర్తొస్తుంది, తన గురించి మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఎనిమిదిన్నరకి హారిన్ వాళ్ళమ్మ వచ్చింది. బజారులో వండిన కూరలమ్మే చిన్న కొట్టు ఆమెది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. చేపల పులుసు వాసన ఎంత సబ్బు రుద్దినా చేతుల్ని వదలదని, ఆదివారాలు కూడా చేతులు కోటు జేబుల్లోంచి తీయదు. కూతురు టీచరు కావాలని ఆమె కోరిక. ఆ మాట ఇన్‌జాతో పదిసార్లు అంది, పదిసార్లూ ఇన్‌జాకి నవ్వొచ్చింది. ఆమె మూడో వరసలో గోడ పక్కన కూర్చుని, కాగితం తీసుకుని, చదవకుండా ఒళ్ళో పెట్టుకుంది.

వెళ్ళి చెప్పాలా? ఇన్‌జా మైకు దగ్గర నిలబడి అదే ఆలోచించింది. చెబితే ఇక్కడే గొల్లుమంటుంది, పదిమంది చుట్టూ మూగుతారు, షెడ్డుకి పరిగెత్తి పిల్లని జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తుంది. చెప్పకపోతే, సాయంత్రం దాకా ఈ పిచ్చితల్లి లేని పరీక్ష కోసం కూర్చుంటుంది. పిల్ల చెప్పొద్దంది కదా, మాట నిలబెట్టుకోవాలి కదా, అని ఒక మర్యాదైన కారణం దొరికింది. మర్యాదైన కారణాలు వెతుక్కోవడంలో ఇన్‌జాకి మంచి అనుభవం ఉంది.

ఎనిమిదీ నలభై. పాస్టరు చెయ్యి పైకెత్తాడు. అందరూ ఒక్కసారిగా "ప్రభువా, ప్రభువా, ప్రభువా" అని మూడుసార్లు అరిచి, ఎవరి ప్రార్థన వాళ్ళు గట్టిగా మొదలుపెట్టారు. పదిమంది తల్లులు, ఇద్దరు అమ్మమ్మలు, వీలు చిక్కిన ఒక తండ్రి. సంతలో బేరాలు కూడా అంత గట్టిగా సాగవు. ఆ హోరు తగ్గాక ఇన్‌జా మైకులో పేర్లు చదివింది. ఒక్కో పేరుకీ ఒక్కో వాక్యం. తొమ్మిదో పేరు హారిన్‌ది. ఎలా దాటేయాలా అని ఎనిమిదో పేరు దగ్గర తటపటాయించింది. దాటేస్తే తల్లి అడుగుతుంది. పాస్టరు కూడా అడుగుతాడు.

"ప్రభువా, మీ కుమార్తె తాక్ హారిన్‌కి చదివిన ప్రతి వాక్యమూ అర్థమయ్యేలా కన్ను తెరవండి," అంది. చాలా సులువుగానే వచ్చేసింది.

హారిన్ వాళ్ళమ్మ ఆమెన్ అనలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అలసిపోయిందనుకుంది ఇన్‌జా.

లెక్కల గంట వంద నిమిషాలు. ఈ గంటలోనే పిల్లలు మునుగుతారు గనక తల్లులు కూడా అన్నిటికంటే ఎక్కువగా ఏడ్చేది ఇప్పుడే. తేయుల్ వాళ్ళమ్మ కుర్చీ దిగి నేల మీద మోకరించింది. ఒక అమ్మమ్మ, పాపం, మనవడు సైన్సో ఆర్ట్సో తెలియక రెండూ కలిపి ప్రార్థించింది. ఇన్‌జా వాళ్ళని వేదిక మీంచి చూస్తూ నిలబడింది. మీ పిల్లలకి ఏమొచ్చో ఏం రాదో మీకు తెలియదు, ఏం కావాలో అంతకంటే తెలియదు, దేవుణ్ణి మాత్రం ట్యూషన్ మాస్టారుని చేశారు, అనుకుంది. వాళ్ళంటే అసహ్యం వేసింది. ఆ అసహ్యంలో ఒక హాయి కూడా ఉంది. తాను వీళ్ళలాంటిది కాదన్న హాయి అది, దాని మీదే ఆమె ఇన్నేళ్ళు బతికింది.

"ప్రభువా, తాక్ హారిన్ చెయ్యి పట్టుకుని నడిపించండి. తొందరపాటు తప్పు చేయనివ్వకండి."

మధ్యాహ్నం బేస్‌మెంటు వంటగదిలో భోజనం. ప్రభువు మీద భారమంతా వేసినవాళ్ళే, సముద్రపు నాచు సూపు మాత్రం ఒక్కరూ తేలేదు. అది జారుడుగా ఉంటుంది, తింటే పిల్లలు పరీక్షలో జారిపోతారట. హారిన్ వాళ్ళమ్మ తన కొట్టులోంచి పెద్ద గిన్నెడు ముల్లంగి కూర, ఎండుచేపల వేపుడు తెచ్చింది. అందరికీ వడ్డించి, తాను తినకుండా ఫోను పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది. పావుగంటకి తిరిగొచ్చి ఒక ముద్ద తిన్నది. ఇన్‌జా ఫోనులో అప్పటికి ఇంకో మెసేజి ఉంది: 'అమ్మ కట్టిన డబ్బాలో అన్నం తిన్నాను టీచర్. బాగుంది. మామయ్య పిస్టన్ విప్పడం నేర్పుతున్నాడు.'

ఇక ఇంగ్లీషు గంట. దానిలో మొదటి పాతిక నిమిషాలు పిల్లలు రికార్డింగు విని జవాబులు రాయాలి. ఆ సేపట్లో దేశమంతటా విమానాలు కూడా కిందికి దిగవు, పైన చక్కర్లు కొడుతుంటాయి. పాస్టరు వేలు పెదాల మీద పెట్టుకుని, హీటర్ల ఫ్యాన్లు ఆపించేశాడు. ఇప్పుడు అందరూ నిశ్శబ్దంగా ప్రార్థించాలి. పరీక్ష హాలు అయిదు కిలోమీటర్ల అవతల ఉంది. అయినా ఇక్కడ ఎవరైనా దగ్గితే అక్కడ ఎవరికో ఒక ప్రశ్న వినబడదని వీళ్ళ నమ్మకం. అమ్మమ్మల్లో ఒకామెకి దగ్గొచ్చింది. తేయుల్ వాళ్ళమ్మ వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ ముసలామె మఫ్లరు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చలికి అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి. ఇంతకంటే తెలివితక్కువ దృశ్యం తాను జీవితంలో చూడలేదనుకుంది ఇన్‌జా. అడుగు చప్పుడు కాకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

ఆ పాతిక నిమిషాలు అయ్యాక మళ్ళీ మైకు. మళ్ళీ తొమ్మిదో పేరు.

"ప్రభువా, తాక్ హారిన్ చెవులు తెరవండి."

రెండూ ఇరవైకి విరామం. హారిన్ వాళ్ళమ్మ ఒక్కతే వంటగదిలో టీ కప్పులు కడుగుతోందని విని ఇన్‌జా కిందికి దిగింది. ఎందుకు దిగిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఇంకో రెండు గంటల్లో ఎలాగూ తెలిసేదే, కాస్త ముందుగా మెత్తగా తానే చెబితే మంచి పేరైనా దక్కుతుందనుకుంది కూడా.

"కూర్చోండి టీచర్. నేను కడుగుతాలెండి. మీరెందుకు తడుపుకోవడం?"

"హారిన్ వాళ్ళమ్మా, నీకో మాట చెప్పాలి. కంగారు పడకు."

"హారిన్ సంగతేగా," అంది ఆమె కప్పు బోర్లించి. "పరీక్షకి వెళ్ళలేదు. నాకు తెలుసు."

ఇన్‌జా స్టూలు లాక్కుని కూర్చుంది.

"పొద్దున గేటు దగ్గర దింపి వచ్చేశానండి. సగం దూరం వచ్చాక చూస్తే దాని వాచీ నా సంచిలోనే ఉంది. లోపల గోడ గడియారాలుండవు కదా, పిల్ల అల్లాడిపోతుందని వెనక్కి పరిగెత్తాను. అక్కడ పరీక్ష రాసేవాళ్ళని హుషారు చేయడానికి చిన్న క్లాసుల పిల్లలు డప్పులు కొట్టి పాటలు పాడి ఒకటే గోల. ఆ గుంపు వెనక నించి మా పిల్ల అవతల వైపుకి పోతోంది. తల దించుకుని కాదండి. మామూలుగా, కొట్టుకొచ్చేటప్పుడు ఎలా నడుస్తుందో అలాగే. పోయి రేవు బస్సెక్కింది."

"నువ్వు పిలవలేదా?"

"పిలిస్తే ఆగేది టీచర్. ఆగుతుందనే పిలవలేదు."

పంపు కట్టేసి ఆమె చేతులు తుడుచుకుంది. ముప్ఫై నాలుగేళ్ళలో తాను బోర్డు మీద రాసిన మాటలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకి సరితూగవని ఇన్‌జాకి తెలిసింది, తెలిసినందుకు ఒళ్ళు మండింది కూడా.

"మరి ఇక్కడికెందుకొచ్చావు? అన్నీ తెలిసి, పొద్దున్నించీ ఈ మేళంలో కూర్చోవడమెందుకు?"

"ఎక్కడికి పోనండీ? కొట్టు తెరిస్తే బజారంతా 'పరీక్ష రోజున కొట్టు తెరిచావేంటి' అంటుంది. ఇంటికి పోతే ఏడుస్తూ కూర్చుంటాను. ఇక్కడైతే ఎంతసేపు కూర్చున్నా ఎవరూ అడగరు. అయినా దేవుడితో మాట్లాడాల్సిన పని నాకు ఇవాళే కదా పడింది. మొదటి గంటంతా తిట్టాను. దాన్ని తిట్టాను, ఆ పాఠం చెప్పినందుకు మిమ్మల్ని తిట్టాను, ఆయన్నీ వదల్లేదు. తొమ్మిదేళ్ళు చేపలు తోమింది ఇందుకా అని అడిగాను. రెండో గంటలో కోపం చల్లారింది. బస్సులో సీటు దొరికిందో లేదో, మా తమ్ముడు దానికి వేడిగా ఏమైనా ఇచ్చాడో లేదో అని బెంగ పట్టుకుంది. అదే అడిగాను. ఆ కాగితంలో లెక్కల గంటకి రాసింది నేను చదవలేదు."

"మంచి పని చేశావు," అంది ఇన్‌జా. బైబిలు క్లాసులో జవాబు సరిగ్గా చెప్పిన పిల్లని మెచ్చుకున్నట్టే వచ్చింది ఆ మాట, ఆమెకే వినడానికి వెగటుగా తోచింది.

"అన్నం దగ్గర మా తమ్ముడికి ఫోన్ చేశానండి. 'అక్కా, అరవకు, నా దగ్గరే ఉంది, చేతులకి గ్రీజు పూసుకుని నవ్వుతోంది' అన్నాడు. 'పొద్దున్నే బైబిలు టీచరుకి ఒక్కదానికే చెప్పిందట' అన్నాడు."

ఇన్‌జా స్టూలు మీంచి లేవబోయింది.

"అది నాకేం తప్పుగా అనిపించలేదు. పిల్లలు అమ్మకి చెప్పలేనివి టీచరుకి చెప్పుకుంటారు, మంచిదే. కానీ ఒకటి అర్థం కావట్లేదు. అడగొచ్చా?"

"అడుగు."

"లెక్కల గంటలో మీరు మైకు పట్టుకుని, హారిన్‌ని తప్పు చేయనివ్వకండి అన్నారు. ఇంగ్లీషు గంటలో చెవులు తెరవండి అన్నారు. పిల్ల అక్కడ లేదని నాకు తెలుసు. మీకూ తెలుసు. ఆయనకీ తెలుసు. మరి మీరు మాట్లాడింది ఎవరితో టీచర్?"

ఎగతాళి కాదు, నిష్ఠూరమూ కాదు. తెలియని సంగతి తెలిసినవాళ్ళని అడిగినట్టే అడిగింది. ఇన్‌జాకి ఎగతాళి అయితే బాగుండేది. ఎగతాళికి బదులివ్వడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

"నీ కూతురికి మాటిచ్చాను. చెప్పొద్దంది."

"చెప్పొద్దందండి. అలా ప్రార్థించమని అనలేదు కదా."

ఆమె ఏప్రాన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టింది. కోటు తొడుక్కుంది. ఈసారి చేతులు జేబుల్లో పెట్టుకోలేదు.

"నేను షెడ్డుకి పోతున్నాను. ఆఖరి గంట కొట్టేదాకా దాన్ని భయపెట్టి ఉంచడమెందుకు? మీరూ రండి టీచర్. మూడు స్టాపులే. మిమ్మల్ని చూస్తే ఎంత సంతోషిస్తుందో. మీ పాఠం గురించి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో మీకు తెలియదు."

వెళ్ళొచ్చు. కోటు పైన కుర్చీ మీదే ఉంది. మూడు స్టాపులు దాటితే, ముప్ఫై నాలుగేళ్ళలో తన పాఠం నమ్మిన ఒకే ఒక్క పిల్ల చేతికి గ్రీజు పూసుకుని నిలబడి ఉంటుంది. కానీ వెళ్ళాలంటే పైకెళ్ళి, పాస్టరు ముందు, తేయుల్ వాళ్ళమ్మ ముందు, నేను నమ్మనిది పొద్దున్నించీ మైకులో చదివాను, ఇక చదవను అనాలి. ఏడు రోజుల్లో ఊరంతా తెలుస్తుంది. వచ్చే ఏడాది నుంచి టీచర్ అని పిలిచేవాళ్ళుండరు. ఈ జనమంటే ఎంత అసహ్యమో, వీళ్ళు పిలిచే ఆ పిలుపంటే ఆమెకి అంత ప్రాణం. అది ఇప్పుడే తెలిసింది.

"నాలుగో గంట ఉంది కదా," అంది ఇన్‌జా.

"ఉంటుందిలెండి," అంది హారిన్ వాళ్ళమ్మ. చెప్పులేసుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

మెట్ల మీద పాస్టరు ఎదురయ్యాడు. చేతిలో గులాబి కాగితం, ముఖం మీద ఆ నవ్వు.

"హారిన్ వాళ్ళమ్మ వెళ్ళిపోతోందేంటి టీచర్? ఇంకా ఒక గంట మిగిలే ఉందిగా. ఇప్పుడు లేచిపోతే ఎలా?"

"కడుపునొప్పిట. నేనే పంపించేశాను." ఆలోచించే పని కూడా లేకపోయింది.

"అయ్యో పాపం. బిడ్డ కోసం ఎంత ఆత్రపడిందో. ఆమె కోసం కూడా ఒక మాట చేర్చండి, ఏం?"

రెండూ యాభై. "ప్రభువా, ప్రభువా, ప్రభువా" అని అందరూ అరిచారు. హోరు తగ్గాక ఇన్‌జా మైకు అందుకుంది. ఒకటి, రెండు, మూడు, పేర్లు నిదానంగా చదివింది, ఒక్కటీ మింగలేదు. తొమ్మిదో పేరు వచ్చింది.

"ప్రభువా, మీ కుమార్తె తాక్ హారిన్‌ని ఆఖరి నిమిషం దాకా మెలకువగా ఉంచండి. ఆమె తల్లి కడుపునొప్పిని మీ చేతితో ముట్టి స్వస్థపరచండి."

"ఆమెన్," అన్నారు అందరూ. ముసలామె అయితే రెండుసార్లు అంది.

గొంతు ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. ఎంత చక్కగా వస్తోందో తన చెవులతో తానే విని, ఇన్‌జాకి మొట్టమొదటిసారి భయం వేసింది. పదో పేరు చదివింది.